బొమ్మల కన్నీళ్లపై విజయనగరం విచారణ

దసరా సెలవులకు హాస్టలు నుంచి వచ్చిన మా మేనకోడలు రాత్రి పదకొండు గంటలకు దుప్పటి కింద ఫోను పెట్టుకుని ఏడుస్తూ మా అక్కకు దొరికిపోయింది. ఇంటర్ రెండో సంవత్సరం పిల్ల, రాత్రిపూట, ఫోను, ఏడుపు. ఈ నాలుగూ ఒకచోట చేరితే మన ఇళ్లలో అనుమానం ఒక్క దారినే పోతుంది. అక్క ఆ దారిన చివరిదాకా పోయి వచ్చి, ఫోను లాక్కుని చూసింది. అందులో అబ్బాయి లేడు. జపాను వాళ్లు గీసిన బొమ్మ ఉంది.

అబ్బాయి ఉన్నా ఇంత గొడవ అయ్యేది కాదు. ఆ విషయంలో మా పెద్దలకు తరతరాల అనుభవం ఉంది. బొమ్మను చూసి ఏడిచిన పిల్లను ఏ సెక్షను కింద పెట్టాలో మాత్రం ఎవరికీ తోచలేదు. అందుకని మర్నాడు పొద్దున కాఫీల వేళకు మా బావగారి అధ్యక్షతన వరండాలో విచారణ సంఘం కూర్చుంది. పక్కింటి విశ్రాంత తహసీల్దారుగారు సభ్యులు. రాతకోతల మనిషిని కనుక నేను కార్యదర్శిని. ముద్దాయిని పిలవలేదు. పిల్లల గురించి మాట్లాడేటప్పుడు పిల్లలు ఉండకూడదన్నది మా ఇంటి పద్ధతి.

సాక్ష్యం పరిశీలించే భారం నా మీద పడింది. 2018లో వచ్చిన జపాను కదిలే బొమ్మల ధారావాహిక, మొత్తం పదమూడు భాగాలు. పేరు ‘రాస్కల్ డజ్ నాట్ డ్రీమ్ ఆఫ్ బన్నీ గర్ల్ సెన్‌పాయ్’. చదివి వినిపించగానే తహసీల్దారుగారు కండువా సర్దుకున్నారు. కథ జరిగేది ఫుజిసావా అనే సముద్రపు ఒడ్డు పట్టణంలో. అక్కడి ఎదిగే వయసు పిల్లలకు ఒక వింత జబ్బు వస్తూ ఉంటుంది. లోపల దాచుకున్న బాధ ఏదో ఒక మాయ రూపంలో బయట పడుతుంది. పెద్దలు అలాంటి జబ్బే లేదంటారు. ఇక్కడి వరకు సంఘానికి అభ్యంతరం లేదు.

సకురజిమా మాయ్ చిన్నప్పటి నుంచీ పేరున్న నటి. నటన ఆపి బడికి వస్తే ఎవరూ దగ్గరికి రారు. క్రమంగా మనుషుల కంటికి ఆనడమే మానేస్తుంది. రొట్టె కొనబోతే అమ్మేవాళ్లకు కనిపించదు. నిజంగా ఎవరికైనా కనిపిస్తున్నానా అని తేల్చుకోవడానికి కుందేలు వేషం వేసుకుని గ్రంథాలయంలో తిరుగుతుంది. సకుత అనే కుర్రాడు తప్ప ఒక్కరూ తలెత్తరు.

“ఇందులో మాయ ఏముంది?” అన్నారు బావగారు. “మన గ్రంథాలయంలో గ్రూప్స్‌కు చదివే వాళ్ల మధ్య నుంచి ఏనుగు నడిచి వెళ్లినా ఒక్కడూ తల ఎత్తడు.”

ఈ వాదన బలమైనదని నమోదు చేశాను. నిజానికి మనిషిని చూడడం ఎలాగో మా ఊరికి నేర్పనక్కరలేదు. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి పూజారి సిరిమాను అనే పొడవాటి మాను కొసన కూర్చుని గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు ఊరేగుతారు. మేడల మీద, గోడల మీద, చెట్ల మీద జనం. అంత ఎత్తున కూర్చోబెడితే ఎవరినైనా చూస్తాం. నేల మీద నడిచేవాళ్ల సంగతే కొంచెం ఆలోచించాలి.

తరువాత ఆ అమ్మాయిని చూడకపోవడమే కాదు, లోకం మరిచిపోవడం కూడా మొదలుపెడుతుంది. నిద్రపోయి లేస్తే ఆమె గుర్తుండదు. అందుకని సకుత రోజుల తరబడి నిద్ర మానేస్తాడు.

“మంచి అలవాటు. ఏ పరీక్షకు?” అన్నారు తహసీల్దారుగారు.

పరీక్షకు కాదండీ, అమ్మాయి కోసం అని చెప్పవలసి వచ్చింది. ఆయన ముఖం వాడిపోయింది. కుర్రాడి అవస్థ చూడలేక ఆ అమ్మాయే వాడికి నిద్రమాత్ర ఇచ్చి పడుకోబెడుతుంది, తెల్లారితే తనను మరిచిపోతాడని తెలిసీ. అన్నట్టే మరిచిపోతాడు. ఆ తర్వాత పరీక్ష రాస్తుండగా, ఆమె దగ్గరుండి నేర్పిన ఒక మాట ప్రశ్నపత్రంలో కనపడి అంతా గుర్తుకొస్తుంది. వాడు పరీక్ష వదిలేసి మైదానంలోకి పరుగెత్తి, బడంతా వినేలా ప్రేమిస్తున్నానని అరుస్తాడు. అప్పుడు ఆమె అందరికీ కనిపిస్తుంది. ఈ ఘట్టం కేవలం కల్పన అని సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. ప్రశ్నపత్రం చూస్తే ఉన్నది మరిచిపోవడమే గాని, మరిచింది గుర్తుకు రావడం మా జిల్లాలో ఎన్నడూ ఎరగం.

ముద్దాయిని ఏడిపించింది అసలు ఇది కాదు. సకుత చెల్లెలు కయెదె. తోటి పిల్లలు ఫోనులో పంపిన మాటలకు ఆ పిల్ల ఒంటి మీద గాయాలు తేలాయి. ఎవరూ చెయ్యి చేసుకోలేదు. మాటలకే.

“మాటలకు దెబ్బలు తేలుతాయా?” అని బావగారు నవ్వారు. “మా నాన్నగారు నన్ను అన్న మాటలకు తేలి ఉంటే, ఒంటి మీద చోటు మిగిలేది కాదు.” నవ్వు మధ్యలో ఆగింది. కాఫీ చల్లారిందని అక్కను కేకేశారు.

ఆ బాధకు పిల్ల గతమంతా మరిచి, ఇంకో మనిషిగా లేచింది. జపానులో ఒకే పేరును రెండు రకాల లిపిలో రాయవచ్చు. పాత పిల్లది ఒక విధం, కొత్త పిల్లది ఇంకో విధం. పేరు ఒకటే, రాత వేరు. కొత్త కయెదె ఇల్లు కదలదు. ఫోను మోగితే వణుకుతుంది. ఒకరోజు పుస్తకంలో చేయవలసిన పనులు రాసుకుంటుంది: ఫోను ఎత్తడం, గుమ్మం దాటడం, సముద్రం చూడడం, బడికి వెళ్లడం. ఒక్కొక్కటీ పూర్తి చేస్తుంది. అన్న జూకు తీసుకెళ్లి పాండాలను చూపించి, మళ్లీ రావచ్చని ఏడాది పాసు కొంటాడు. ఆ రాత్రి ఇద్దరూ ఎవరూ లేని బడికి వెళ్లి చూసి వస్తారు. రేపు పగలే వెళ్దామనుకుని పిల్ల పడుకుంటుంది. తెల్లారి లేచింది పాత పిల్ల. రెండేళ్లు ఈ అన్నతో ఉన్న పిల్ల ఇక లేదు. జబ్బు నయమైనట్టే, సంతోషించాలి. పోయిన పిల్లకు చావు లేదు, దినం లేదు, తలుచుకుని ఏడవడానికి ఫోటోకు దండ వేయనూ లేదు. పాసుకు మాత్రం ఇంకా ఏడాది గడువుంది.

కార్యదర్శి కళ్లద్దాలు ఇక్కడ రెండుసార్లు తుడవవలసి వచ్చింది. అక్టోబరులో మా ఊళ్లో గాలిలో తేమ ఎక్కువ.

నిరుడు జూనులో మేము హాస్టలుకు పంపిన పిల్ల వీణ వాయించేది. ఒకే పనస దుంగను తొలిచి గొల్లపల్లిలో చేసిన బొబ్బిలి వీణ. ఇప్పుడది గుడ్డ చుట్టుకుని బీరువా మీద ఉంది. హాస్టలు నుంచి వచ్చిన పిల్లది కూడా అదే పేరు. ఇది కేసుకు సంబంధం లేని విషయం గనుక నివేదికలో చేర్చలేదు.

బొమ్మల కోసం ఏడవడం మన సంప్రదాయం కాదని తీర్మానం రాయమన్నారు. కలం కదలలేదు. తోలుబొమ్మల సీతమ్మ అడవికి వెళ్తుంటే ఏడిచిన జాతి మనది. గురజాడ ఈ ఊళ్లోనే ఉండి ‘పుత్తడిబొమ్మ పూర్ణమ్మ’ రాశారు. ముసలివాడికి కట్టబెట్టిన పిల్ల, దుర్గ గుడి కొలనులో కనుమరుగైంది. వెళ్లే ముందు అందరి దగ్గరా సెలవు తీసుకుంది కూడా. ఎవరూ చూడలేదు. మా బడిలో దాని మీద ప్రశ్న వస్తే నాకు అయిదుకు నాలుగు మార్కులు వచ్చాయి. ఒక మార్కు ఎందుకు పోయిందని మా నాన్న అడిగారు. ఈ పూర్వాపరాలు మనవి చేస్తే, అది సాహిత్యం, ఇది బొమ్మలు అని తహసీల్దారుగారు తీర్పు చెప్పారు.

ఈ ధారావాహికకు 2019లో సినిమా కూడా వచ్చింది. అందులో గుండె జబ్బు, గుండె మార్పిడి, క్రిస్మస్ ముందు రోజు రోడ్డు ప్రమాదం ఉన్నాయి. సంఘం ఆరోగ్యం దృష్ట్యా ఆ సాక్ష్యం స్వీకరించలేదు. బొమ్మలు చూడరాదు, చూసినా ఏడవరాదు, ఏడిచినా రాత్రి పదిలోపు ముగించాలి అని తీర్మానమైంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర బావగారు నాతో, “ఈసారి తొమ్మిది వందల ఎనభై దాటుతుందంటావా?” అన్నారు. “గణితం ఒక్కటే అనుమానం” అన్నాను నేను. దాటవలసిన మనిషి మా ఇద్దరి మధ్య కూర్చుని దప్పళం గిన్నె ఇటు నుంచి అటు అందిస్తోంది.

సిరిమాను చూసి వెళ్తానని అడిగితే, హాస్టలు వాళ్లు ఒప్పుకోరని సోమవారమే ప్రయాణం పెట్టారు. బస్సులో పెట్టె పైకి సర్ది, కిటికీ పక్క సీటులో కూర్చోబెట్టి, బావగారు కిందికి దిగారు. కండక్టరును పిలిచి, “చేరగానే ఒకసారి ఫోను చేయమని చెప్పండి” అన్నారు. అమ్మాయి కిటికీ తీసే ఉంది.