మాత్రకు లేని సరిహద్దు రికార్డుకెందుకు?

2010 ప్రాంతంలో అమెరికాలోని కెంటకీ, ఒహాయో రాష్ట్రాల నుంచి ఐ-75 హైవే మీద కార్లు దక్షిణ ఫ్లోరిడాకు పరుగులు తీసేవి. బీచ్ కోసం కాదు. బ్రోవార్డ్ కౌంటీలో పుట్టగొడుగుల్లా లేచిన 'నొప్పి క్లినిక్‌'ల కోసం. నగదు కడితే చాలు, చీటీ రాసి ఆక్సికోడోన్ అనే మత్తు నొప్పి మాత్రలు అక్కడే చేతిలో పెట్టేవారు. ఆ దారికి 'ఆక్సీ ఎక్స్‌ప్రెస్' అని పేరే పడిపోయింది.

మత్తు కలిగించే మందులు ఎవరికి ఎన్ని అమ్మారో నమోదు చేసే కాస్పర్ వ్యవస్థ కెంటకీలో 1999 నుంచే ఉంది. ఏం లాభం? కొన్నది ఫ్లోరిడాలో. అక్కడ ఇలాంటి రిజిస్ట్రీ 2011లో గానీ మొదలవలేదు, అదీ గవర్నర్ రిక్ స్కాట్ రద్దు చేద్దామని చూసిన తర్వాత. ఎనిమిది రాష్ట్రాలతో సరిహద్దున్న మిస్సోరీ ఇంకా ఘనం. చట్టం చేసింది 2021లో, వ్యవస్థ రాష్ట్రమంతటా నడవడం మొదలైంది 2023 డిసెంబరులో.

ఇప్పుడు రాష్ట్రాల రికార్డులను కలిపే దారులు రెండున్నాయి. 2011లో ఫార్మసీ బోర్డుల జాతీయ సంఘం తెచ్చిన ఇంటర్‌కనెక్ట్ ఒకటి, కేంద్ర న్యాయశాఖ నిధులతో నడిచే ఆర్ఎక్స్‌చెక్ రెండోది. కానీ ఏ రాష్ట్రంతో పంచుకోవాలో, అవతలి వైపు ఎవరికి చూపించాలో ఇప్పటికీ ఆ రాష్ట్రం ఇష్టమే. నేను ఒప్పుకోనిది ఇక్కడే. ఈ ఇష్టాయిష్టాలు పోవాలి, పంచుకోవడం తప్పనిసరి కావాలి.

ఈ రికార్డులు పంచుకోవడాన్ని మాత్రల దొంగల్ని పట్టే వలగా చూడటం వల్లే చర్చ దారి తప్పింది. సిన్సినాటి ఒహాయోలో ఉంది, నది దాటితే కెంటకీ. ఇల్లు అటు, డాక్టరు ఇటు ఉండటం నేరమేమీ కాదు. నడుము నొప్పితో రాత్రి రెండు గంటలకు ఎమర్జెన్సీకి వచ్చిన మనిషి, నదికి అవతల డాక్టరు రాసిన అల్ప్రాజోలం అనే ఆందోళన తగ్గించే మాత్ర వాడుతున్నాడనుకోండి. ఆ సంగతి తెలియని డాక్టరు ఓపియాయిడ్ (ఆక్సికోడోన్ లాంటి నొప్పి మందు) రాస్తే? ఈ రెండూ కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు. 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ జోడీపై అత్యంత తీవ్రమైన హెచ్చరికే పెట్టింది. హెచ్చరిక డబ్బా మీద ఉంటే సరిపోదు, రెండో మందు కూడా డాక్టరు కంప్యూటర్‌లో కనపడాలి కదా! అక్కడ ఎమర్జెన్సీలో పనిచేసే మన తెలుగు డాక్టర్లను అడగండి, ఆ నిమిషంలో వాళ్లకుండే టెన్షన్ ఏమిటో చెబుతారు.

గోప్యత మాటేమిటని అడుగుతారు. నిజమే, ఒరెగాన్ రాష్ట్ర రికార్డుల కోసం కేంద్ర మాదకద్రవ్యాల నిరోధక సంస్థ డీఈఏ వారెంటు లేకుండా సమన్లు పంపితే వ్యవహారం కోర్టుకెక్కింది. దీర్ఘకాలిక నొప్పితో బాధపడేవాళ్లను దొంగల్లా చూసి వెనక్కి పంపిన డాక్టర్లూ ఉన్నారు. అందుకే పోలీసుకు వారెంటు అడ్డుపెట్టండి. డాక్టరు కళ్లకు గంతలెందుకు?

అమెరికాను ఆడిపోసుకునే ముందు మన ఇంటి సంగతి. 2014 మార్చి నుంచి మనకు షెడ్యూల్ హెచ్1 నిబంధన ఉంది. అల్ప్రాజోలం, ట్రామడాల్ వంటివి అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు, ఎన్ని ఇచ్చారో విడిగా రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. దాచడం వరకే! తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరుకు తప్ప అది ఎవరికి పనికొస్తుంది? ఖమ్మం రిజిస్టర్ విజయవాడలో కనిపించకపోవడం తర్వాతి మాట. పక్క సందులో మందుల షాపువాడికే కనిపించదు.