పోలిక లేని రాళ్ల విషయం ఏం చేద్దాం?

బొర్రా గుహల్లో ఇప్పటికీ ఎన్నో రాళ్లు ఏ బాధ్యతా లేకుండా వేలాడుతున్నాయని తెలియజేయడానికి విచారిస్తున్నాను.

జనం విశాఖలో రైలెక్కి, సొరంగం వచ్చినప్పుడల్లా కేకలు వేసి, అనంతగిరి కొండల్లో దిగి, టికెట్ కొని, అన్ని మెట్లు దిగేది రాళ్లు చూడటానికి కాదు. రాళ్లు ఊళ్లోనూ ఉన్నాయి. రాయి ఇంకోదానిలా కనబడితే చూడటానికి వస్తారు. గైడు టార్చ్ వేసి ‘అదిగో శివపార్వతులు’ అంటాడు. ‘ఆ... అవునవును’ అంటుంది గుంపు. తర్వాత తల్లీబిడ్డ, మొసలి, రుషి గడ్డం, మనిషి మెదడు. మెదడు దగ్గర మాత్రం జనం కాస్త ఎక్కువసేపు నిలబడతారు. కొందరికి దాన్ని చూడటం అదే మొదటిసారి.

కనబడకపోయినా తలూపాలి. పక్కింటాయనకు కనబడిన శివుడు మనకు కనబడలేదంటే కాలనీలో పరువేం కావాలి? ‘అది రాయే కదా నాన్నా’ అనే పిల్లల్ని మాత్రం గుహ బయట కోతుల దగ్గర వదిలి రావడం మంచిది.

ఇందులో గైడు తప్పేమీ లేదు. సున్నపురాయి సంగతి చెబితే వినేవాళ్లేరీ? వాన నీరు మట్టిలోంచి దిగుతూ కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని పులుపెక్కుతుంది. దారిలో సున్నపురాయిని కరిగించుకుంటుంది. గుహ కప్పుకు చేరి గాలి తగలగానే ఆ వాయువును వదిలేసి, మోసుకొచ్చిన సున్నంలో పిసరంత అక్కడే అంటించి, బొట్టుగా రాలుతుంది. అలా పైన ఒకటి వేలాడుతుంది, కింద ఒకటి మొలుస్తుంది. అంగుళం పెరగడానికి వందల ఏళ్లు పట్టొచ్చు. ఇంత టైమ్ తీసుకుని కూడా చివరికి దేనిలానూ తయారు కాకపోతే ఆ రాయిని ఏమనాలి? టార్చ్ వెలుగు దాని మీద ఆగదు. పాపం, మన కుర్రాళ్లే పూనుకుని తాళంచెవితో దాని మీద తమ పేరూ, ఓ హృదయమూ, బాణమూ చెక్కి ఓ గుర్తింపు ఇస్తున్నారు. చేతుల జిడ్డు అంటితే రాయి పెరుగుదల దెబ్బతింటుందని శాస్త్రజ్ఞులు గొణుగుతారు. మంచిదేగా, ఫొటోలో వచ్చిన పోలిక చెడిపోకుండా ఉంటుంది.

చరిత్ర కూడా ఇంతే పద్ధతిగా ఉంది. ఈ గుహల్ని 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ జార్జ్ కనిపెట్టాడని చాలాచోట్ల రాసి ఉంటుంది. ఆ సంస్థ పుట్టింది 1851లో. ఆఫీసు పెట్టడానికి 44 ఏళ్ల ముందే డ్యూటీ ఎక్కిన ఉద్యోగి మన దేశ చరిత్రలో ఈయనొక్కడే అయి ఉండాలి. గుహ కప్పులోని కంతలోంచి జారిపడ్డ ఆవును వెతుక్కుంటూ లోపలికి దిగి, శివలింగాన్ని చూశాడని చెప్పే పశువుల కాపరికి మాత్రం ఏ సంవత్సరమూ కేటాయించలేదు. ఆయన ఆవు కోసం వచ్చాడు కదా, సర్వే కోసం కాదు.

ఇక అసలు సమస్య గుహ బయట ఉంది. అక్కడి కొండల్లోనూ సున్నపు సరుకే. కాకపోతే దానికి ఏ దేవుడి పోలికా లేదు. అందుకని లోపలి రాయికి టికెట్, బయటి రాయికి గనుల లీజు. ఈ చుట్టుపక్కల గిరిజన గ్రామాల్లో ఇచ్చిన లీజుల మీదే సమత అనే సంస్థ కోర్టుకెళ్లింది. గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రత్యేకంగా గుర్తించిన షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు అలాంటి లీజులు చెల్లవని సుప్రీంకోర్టు 1997లో తేల్చింది. తీర్పు గట్టిదే. కానీ తీర్పును టార్చ్ వేసి చూపించడం కష్టం, దానితో సెల్ఫీ కూడా రాదు.

కాబట్టి ప్రభుత్వానికి నా మనవి. మండలానికో గైడును, పట్టపగలైనా సరే, టార్చ్ ఇచ్చి కొండల మీదికి పంపాలి. ఒక్కో బండనూ చూసి అది ఏనుగో, వినాయకుడో, కనీసం స్థానిక ఎమ్మెల్యేనో తేల్చి రిజిస్టర్‌లో ఎక్కించాలి. ఎమ్మెల్యే పోలిక వచ్చిన కొండకు మాత్రం వేరే జీవో అవసరం. దాని మీద రెండు లీజులు పుట్టే ప్రమాదం ఉంది.