మహారాజశ్రీ జాతీయ పరిశోధనా సంస్థ వారికి, ఒక రబ్బరు రింగు విషయమై

ఉభయకుశలోపరి. నేను మీ పంచన చేరి ఆరో ఏడు నడుస్తోంది. ఫెలోషిప్ ఐదేళ్లే కాబట్టి మీ లెక్కల్లో నేనిప్పుడు లేను. అయినా ఈ రాత్రి కూడా మీ ల్యాబ్‌లోనే ఉన్నాను. లెక్కలో లేని మనిషి ఉత్తరానికి ఇన్‌వర్డ్ నంబర్ ఎవరు వేస్తారో తెలీక ఇలా బహిరంగంగా రాస్తున్నాను.

మీరు నన్నెంత నమ్ముతారో తలుచుకుంటే కళ్లు చెమరుస్తాయి. అర్ధరాత్రి రెండింటికి కోట్ల రూపాయల మాస్ స్పెక్ట్రోమీటర్‌ని నా ఒక్కదాని చేతుల్లో పెట్టి మీరు హాయిగా నిద్రపోతారు. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ తాళాలు నా బ్యాగులోనే ఉంటాయి. మా అమ్మ ఇప్పటికీ బీరువా తాళం ఇవ్వదు నాకు.

ఒక్క రబ్బరు రింగు దగ్గరే మన మధ్య పొరపొచ్చాలొచ్చాయి.

సెంట్రిఫ్యూజ్ అంటే నమూనాల్ని గిర్రున తిప్పి వేరుచేసే యంత్రం. అందులో తిరిగే రోటర్ మూతకి చేతిగాజులాంటి నల్లటి రబ్బరు రింగొకటి ఉంటుంది. అది తెగిపోయింది. ముక్కలు చెత్తబుట్టలో పడేశాను (ఎంత పాపం చేశానో తర్వాత తెలిసింది). ఖరీదు కొన్ని వందలే కదా, కొనుక్కొచ్చి బిల్లు పెడతానన్నాను. పర్చేజ్ సెక్షన్ సారు నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, "ఇండెంట్ పెట్టమ్మా" అన్నారు, అంటే ఫలానాది కొనిపెట్టండని రాసిచ్చే అర్జీ. పెట్టాను. మూడు కొటేషన్లు కావాలన్నారు. ఆ రింగు చేసేది ఒకే కంపెనీ అన్నాను. అయితే ఒకే కంపెనీ చేస్తుందని సర్టిఫికెట్ తెమ్మన్నారు. అదీ తెచ్చాక, ముందు సర్కారు కొనుగోళ్ల పోర్టల్‌లో వెతికావా అన్నారు. వెతికితే ప్రెషర్ కుక్కర్ రబ్బర్లు వచ్చాయి. వ్యాసం మిల్లీమీటర్లలో రాసి బిడ్ పెట్టాం. అందరికంటే తక్కువ కోట్ చేసి ఎల్-1గా నిలిచినాయన ఫోన్ చేసి, "ఎన్ని లీటర్లది మేడమ్?" అని అడిగాడు.

ఫైలు మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి దాని మీద ఎర్ర సిరాతో "ప్లీజ్ స్పీక్" అని ఉంది. మాట్లాడదామని నాలుగు రోజులు తిరిగాను. నాలుగు రోజులూ సీట్లో కళ్లజోడు ఉంది, సారు లేరు.

ఈలోగా ఫిబ్రవరి 28 వచ్చింది. 1928లో ఆ రోజునే రామన్ ఎఫెక్ట్ బయటపడిందని 1987 నుంచి జాతీయ సైన్స్ దినోత్సవం చేస్తున్నాం కదా. ముఖ్య అతిథి శాలువా సర్దుకుంటూ, రామన్ గారు వాడిన పరికరాల ఖరీదు 200 రూపాయలేనని, యువత దాన్ని ఆదర్శంగా తీసుకోవాలని సెలవిచ్చారు. ఏటా ఎవరో ఒకరు ఆ మాట చెబుతారు, ఏటా మేం చప్పట్లు కొడతాం. దేశ స్థూల ఉత్పత్తిలో 0.64 శాతం పరిశోధనకి పెట్టే చోట ఆ 200 బాగానే వినిపిస్తుంది. నా సందేహమల్లా ఒకటే. ఆ 200కి రామన్ గారిని మూడు కొటేషన్లు ఎవరైనా అడిగారా?

స్టైపెండ్ గురించి పోట్లాడను. స్కాలర్లు రోడ్డెక్కాక 2019లో 31,000 అయింది, 2023 జనవరి నుంచి 37,000. సీనియర్లకి 42,000. అది నెలనెలా వస్తుందని మీరెక్కడా రాసివ్వలేదు, మేమూ అడగలేదు. తప్పు మాదే.

మార్చి మూడో వారంలో అద్భుతం జరిగింది. 31 లోపు ఖర్చు పెట్టకపోతే బడ్జెట్ మురిగిపోతుందట. పర్చేజ్ సారే స్వయంగా ల్యాబ్‌కొచ్చి, "రింగుకి టైం లేదు కానీ, కొత్త సెంట్రిఫ్యూజ్ ఇండెంట్ ఇవ్వండి" అన్నారు. తొమ్మిది రోజుల్లో వచ్చింది. దానితో పాటు రెండు స్పేర్ రింగులు కూడా వచ్చాయి. పాతదానికి అవి పట్టవు. కొత్తదానికి ప్లగ్ పాయింట్ లేదు. పాయింట్ కావాలంటే ఇంజనీరింగ్ సెక్షన్ ఎస్టిమేట్ వెయ్యాలి, అది కిందటి ఏడాది బడ్జెట్‌లో పడదు. చెక్కపెట్టె ఇంకా కారిడార్‌లోనే ఉంది. ఎత్తు సరిగ్గా సరిపోయింది, దాని మీద టీ గ్లాసులు పెట్టుకుంటున్నాం.

పక్క డిపార్ట్‌మెంట్ వాళ్లని బతిమాలి వాళ్ల సెంట్రిఫ్యూజ్ వాడుకుని ఎలాగో థీసిస్ పూర్తి చేశాను. సమర్పించాలంటే నో డ్యూస్ ఫారం నిండాలన్నారు. లైబ్రరీ సంతకం పెట్టింది. హాస్టల్ పెట్టింది. ఆరేళ్లలో బ్యాట్ ముట్టుకోని నాకు స్పోర్ట్స్ సెక్షన్ కూడా పెట్టింది. స్టోర్స్ మాత్రం పెట్టలేదు. తెగిన రింగు సంస్థ ఆస్తి అట, నా పేరు మీద ఇష్యూ అయిందట. తిరిగిస్తే దాన్ని రద్దు చెయ్యడానికి కమిటీ కూర్చుంటుందట.

చెత్తబుట్టలో పోయినదాన్ని ఎలా తేను? రేపు పొద్దున్నే ఒక కుక్కర్ రబ్బరు కొని అప్పగించేద్దామనుకుంటున్నాను. ఎన్ని లీటర్లది కావాలో తమరు వెంటనే తెలియజేయగలరు.

ఇట్లు,
మీ విధేయురాలు,
ఆరో ఏటి స్కాలర్