మా కథ చెప్పమంటారు సరే, మీ లెక్క చెప్పరేం?

ఆఫీసులో డైవర్సిటీ, ఇంక్లూజన్ (అన్ని రకాల మనుషులకీ చోటివ్వడం, వాళ్ళని కలుపుకుపోవడం) అనే మాటలు వినబడగానే రెండు రకాల ముఖాలు కనిపిస్తాయి. "మళ్ళీ మొదలెట్టారా" అని విసుక్కునే ముఖం ఒకటి. "ఈసారి నన్ను మాట్లాడమంటారేమో" అని టెన్షన్ పడే ముఖం ఇంకోటి. విసుక్కునేవాళ్ళ గురించి చాలామంది రాస్తూనే ఉన్నారు. నేను రెండోవాళ్ళ గురించి రాస్తాను, ఎందుకంటే ఈ వ్యవహారంలో చాకిరీ అంతా వాళ్ళదే.

ఎలా జరుగుతుందో తెలిసిందేగా. ఏడాదికోసారి హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వస్తుంది, ప్యానెల్ చర్చ ఉందని. అందులో కూర్చోబెట్టడానికి ఒక మహిళ కావాలి, వైకల్యం ఉన్న ఉద్యోగి ఒకరు కావాలి, మైనారిటీల నుంచి ఒకరుంటే బాగుంటుంది, గే అనో ట్రాన్స్ అనో బయటికి చెప్పుకున్నవాళ్ళు ఎవరైనా దొరికితే మరీ మంచిది. "మీ ప్రయాణం గురించి నాలుగు మాటలు చెప్పండి" అని అడుగుతారు. చెప్పనంటే నలుగురిలో కలవరంటారు. సరేనంటే మరో చిక్కు. కష్టాలు చెప్పాలి, కానీ ఎవరికీ తగలకూడదు. చివర్లో "మా మేనేజర్ సహకారం వల్లే ఇక్కడున్నాను" అని కూడా అనాలి. తన సంగతులు బయటపెడితే అందరికంటే ఎక్కువ నష్టపోయే మనిషినే పట్టుకుని, అందరి ముందూ నోరు విప్పమంటున్నాం. ఆ మనిషి అప్రైజల్ చేతిలో పెట్టుకున్న పెద్దలు మాత్రం ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడతారు.

నాతో పనిచేసిన ఒకామెకి వినికిడి సమస్య ఉంది. పెదాల కదలిక చూసి, కాస్త వినబడేదాన్ని దానికి జతచేసుకుని అర్థం చేసుకునేది. ఇలాంటి ఒక కార్యక్రమంలో చాలా బాగా మాట్లాడింది. హాలంతా చప్పట్లు. ఫొటో కంపెనీ పేజీలో కూడా పెట్టారు. ఆ తర్వాతి వారమే టీం వీడియో కాల్. సగం మంది కెమెరాలు ఆపేసి, ఒకరి మాటకి ఒకరు అడ్డం పడుతూ మాట్లాడుతున్నారు. మాటల్ని తెర మీద అక్షరాల్లో చూపించే క్యాప్షన్లు ఆన్ చేయమని చాట్‌లో టైప్ చేసింది. స్క్రీన్ షేర్ చేస్తున్నాయన చూడనైనా చూడలేదు, చెప్పుకుంటూ పోయాడు. ఆ కాల్‌లోనే ఒక డెడ్‌లైన్ ఇంకా ముందే వచ్చేలా మార్చారు. ఆమెకి ఆ సంగతి మర్నాడు ఎవరో మాటల మధ్యలో అంటే తెలిసింది. ఆ ఏడాది అప్రైజల్‌లో "మీటింగుల్లో చొరవ తక్కువ" అని రాశారు.

క్యాప్షన్ల బటన్ నొక్కడానికి జాలి పడక్కర్లేదు, ఆమె ప్రయాణం తెలియక్కర్లేదు. కాల్ పెట్టినవాళ్ళు ఆన్ చేసి ఉంచితే పనైపోతుంది. (అన్నట్టు, చివరికి ఆన్ చేయడం అలవాటయ్యాక వాటిని తెగ వాడుకున్నది చెవులు బాగా పనిచేసేవాళ్ళే. గోల మధ్య కూర్చుని కాల్‌లో చేరేవాళ్ళు, అవతలివాళ్ళ యాస పట్టుబడనివాళ్ళు.)

తన గుర్తింపు గురించి మాట్లాడాలా వద్దా అన్నది ఎవరికి వాళ్ళు తేల్చుకోవాల్సింది. కొందరికి చెప్పుకుంటే బరువు దిగుతుంది, చెప్పుకోనివ్వండి. కొందరికి వచ్చి పని చేసుకుని వెళ్ళడమే ఇష్టం, వెళ్ళనివ్వండి. కంపెనీ నోరు విప్పాల్సింది తన నిర్ణయాల గురించి. ఎవరిని తీసుకున్నారు, ఎవరికి ఏ పని ఇచ్చారు, ఎవరిని పైకి పంపారు, దేన్ని చూసి పంపారు. ఈ లెక్క అడిగితే మాత్రం "అది కాన్ఫిడెన్షియల్" అంటారు. మనుషుల బాధలు వేదిక మీద చెప్పించేటప్పుడు ఆ మాట గుర్తురాదు.

"ఇవన్నీ మాకు తెలీవు, మేం మెరిట్ ఒక్కటే చూస్తాం" అనేవాళ్ళతో నాకు పేచీ లేదు. నిజంగా చూస్తే అంతకంటే కావాల్సిందేముంది? కాకపోతే మెరిట్ అంటే ఏమిటో అభ్యర్థి గదిలోకి రాకముందే కాగితం మీద పెట్టండి. ఎరిక్ ఉల్మన్, జెఫ్రీ కోహెన్ అనే పరిశోధకులు 2005లో ఒక అధ్యయనం ప్రచురించారు. పోలీస్ చీఫ్ ఉద్యోగానికి ఇద్దరు అభ్యర్థులు, ఒక మగ, ఒక ఆడ. ఒకరికి పెద్ద చదువుంది, ఇంకొకరికి వీధుల్లో పనిచేసిన అనుభవం ఉంది. చదువు మగ అభ్యర్థి దగ్గర ఉన్నప్పుడు, అధ్యయనంలో పాల్గొన్నవాళ్ళు "ఈ ఉద్యోగానికి చదువు చాలా ముఖ్యం" అన్నారు. అదే చదువు ఆడ అభ్యర్థి దగ్గర ఉంటే దాని విలువ తగ్గిపోయింది. ఏది ముఖ్యమో ముందే తేల్చుకోమని, ఆ తర్వాత అభ్యర్థులను చూపిస్తే ఈ తేడా మాయమైంది. అడిగితే వాళ్ళంతా "మేం మెరిట్టే చూశాం" అనే అంటారు.

ఇక ఇంటర్వ్యూ దాకా రానివాళ్ళ సంగతి. బెర్ట్రాండ్, ముల్లైనాథన్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలోని బోస్టన్, షికాగోల్లో పేర్లు మాత్రం మార్చి దాదాపు 5,000 కల్పిత రెజ్యూమెలు పంపి 2004లో ఫలితాలు ప్రచురించారు. తెల్లవాళ్ళ పేరనిపించే పేరుంటే దాదాపు 10 రెజ్యూమెలకి ఒక పిలుపు, నల్లవాళ్ళ పేరనిపిస్తే దాదాపు 15కి ఒకటి. మన దేశంలో సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ అనే పరిశోధకులు ఇలాగే చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలోనూ దళిత, ముస్లిం పేర్లకి పిలుపులు తక్కువే వచ్చాయి. ఆ పేర్లవాళ్ళు ఏ ప్యానెల్‌లోనూ కనబడరు. లోపలికే రాలేదు కదా.

"మహిళల శాతం వచ్చేసింది, మైనారిటీల శాతం వచ్చేసింది" అని స్లైడ్ మీద రెండు టిక్కులు పెట్టి చూపించేవాళ్ళని చూస్తే నాకు 1976 నాటి ఒక అమెరికా తీర్పు గుర్తొస్తుంది. ఎమ్మా డిగ్రాఫెన్‌రీడ్‌తో పాటు మరో నలుగురు నల్లజాతి మహిళలు జనరల్ మోటార్స్ మీద కేసు వేశారు. 1964కి ముందు ఆ కంపెనీ నల్లజాతి మహిళలను ఉద్యోగంలోకి తీసుకోలేదు. తర్వాత మాంద్యం వచ్చి, చివర చేరినవాళ్ళని ముందు తీసేసే సీనియారిటీ రూలు అమలు చేసేసరికి వీళ్ళ ఉద్యోగాలు పోయాయి. రూలు అందరికీ ఒకటే, చేరే అవకాశమే అందరికీ ఒకసారి రాలేదు. కోర్టు ఏమందంటే, 1964కి ముందు కూడా కంపెనీ మహిళలను తీసుకుంది కాబట్టి ఆడవాళ్ళ పట్ల వివక్ష లేదు. తీసుకున్నది తెల్ల మహిళలనే అన్న సంగతి లెక్కలోకి రాలేదు. జాతి వివక్ష అంటారా, అదే కంపెనీ మీద ఇంకో కేసు నడుస్తోంది, వెళ్ళి అందులో కలవండి. రెండూ కలిపి అడగడం కుదరదు అంది. న్యాయశాస్త్ర ప్రొఫెసర్ కింబర్లీ క్రెన్‌షా 1989లో ఈ తీర్పునే పట్టుకుని, రెండు వివక్షలు కలిసే చోట నిలబడ్డ మనిషి ఏ లెక్కలోనూ కనబడదని వాదించింది. రెండు టిక్కులూ సరిగ్గానే ఉన్నాయి, ఆ అయిదుగురికీ ఉద్యోగం లేదు.

ట్రైనింగులు పెడుతున్నాం కదా అంటారు. ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కలేవ్ అనే సామాజిక శాస్త్రవేత్తలు అమెరికాలో 800కి పైగా కంపెనీల డేటా చూసి 2016లో రాశారు. మేనేజర్లకి తప్పనిసరి డైవర్సిటీ ట్రైనింగ్ పెట్టిన 5 ఏళ్ళకి చూస్తే మేనేజర్లలో తెల్ల మహిళల వాటా పెరగలేదు, నల్లజాతి మహిళల వాటా సగటున 9 శాతం తగ్గింది. బలవంతంగా కూర్చోబెడితే జనం మొండికేస్తారని వాళ్ళ వాదన. పైవాళ్ళు బాధ్యత తీసుకుని ఒక్కొక్కరికీ మెంటార్‌గా (దగ్గరుండి దారి చూపేవాళ్ళుగా) ఉన్న చోట మార్పు కనిపించింది. ఎందుకో ఊహించడం కష్టమేం కాదు. మెంటార్‌గా ఉన్నవాడు ఆ మనిషి ప్రమోషన్ ఆగిపోతే "ఎందుకాగింది" అని అడుగుతాడు. ట్రైనింగ్ వీడియో అడగదు.

"అయితే రేపట్నుంచి మేమేం చేయాలి" అని మేనేజర్లు అడుగుతుంటారు. పెద్ద విధానాలు తర్వాత, ముందు మీటింగులో నోట్సు ఎవరు రాస్తున్నారో చూడండి. బాబ్‌కాక్, వెస్టర్‌లండ్ అనే పరిశోధకుల బృందం 2017లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఎవరికీ ఇష్టంలేని ఇలాంటి చిల్లర పని ఎవరో ఒకరు చేయాల్సి వచ్చినప్పుడు, ఆడా మగా కలిసిన గుంపులో ఆడవాళ్ళే ఎక్కువగా ముందుకొచ్చారు. అడగాల్సి వస్తే కూడా వాళ్ళనే ఎక్కువ అడిగారు. గుంపంతా మగవాళ్ళే ఉంటే మాత్రం వాళ్ళూ నిక్షేపంగా చేశారు. అంటే చేతకాక కాదు, చేసే మనిషి పక్కనే ఉంది కాబట్టి.

మా టీంలో నోట్సు ఇప్పుడు వంతులవారీ. మొదలుపెట్టేటప్పుడు "ఆవిడైతే నీట్‌గా రాస్తుంది" అని కొందరు నసిగారు. నసిగినవాళ్ళ వంతు వచ్చిన వారం ఆ నోట్సు ఎవరికీ అర్థం కాలేదు, మళ్ళీ రాయమన్నాం. ఇప్పుడు శుభ్రంగా రాస్తున్నారు.