మామిడి తోటకు నీళ్లు: కరెంటును బట్టి కాదు, చెట్టును బట్టి

జగిత్యాల నుంచి వరంగల్ దాకా మామిడి తోటల్లో నీళ్లు ఎప్పుడు పెట్టాలన్నది ఇప్పటికీ ఎక్కువగా అలవాటు మీదే నడుస్తోంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక, ఆటో స్టార్టర్ బిగించిన చోట చెట్టు అవసరంతో నిమిత్తం లేకుండానే బోరు నడుస్తోంది. డ్రిప్పు పరికరాలకు రాయితీ ఇస్తున్న ప్రభుత్వం, దాన్ని ఎప్పుడు, ఎంతసేపు తిప్పాలో చెప్పే కొలతకూ అంతే విలువ ఇవ్వాలి.

మామిడికి ఎప్పుడు నీళ్లు పెట్టకూడదన్నది కూడా తెలియాలి. పూతకు ముందు రెండు మూడు నెలలు తోటను ఎండగట్టాలి. ఆ దశలో తడి తగిలితే పూత రావలసిన కొమ్మ చిగురు తొడుగుతుంది. పిందె బఠానీ గింజంత అయ్యాక కూడా ఎండగడితే మాత్రం పిందె రాలిపోతుంది, నిలిచిన కాయ ఊరదు. డిసెంబరులో మేలు చేసిన ఎద్దడే మార్చిలో పంటను దెబ్బతీస్తుంది. పైగా చలక (ఎర్ర ఇసుక) నేల త్వరగా ఆరుతుంది, నల్లరేగడి చాలాకాలం తేమ పట్టి ఉంచుతుంది కనుక పక్కపక్క తోటలకైనా ఒకే తేదీ కుదరదు.

అందుబాటులో ఉన్న పరికరాల్లో టెన్షియోమీటర్ సులువైనది. నీళ్లు నింపిన గొట్టం, అడుగున సన్నని రంధ్రాలున్న పింగాణీ కప్పు, పైన గేజి, అంతే. నేల ఆరేకొద్దీ కప్పులోంచి నీటిని లాగుతుంది, ముల్లు పైకి కదులుతుంది. డ్రిప్పరుకు కొంచెం ఎడంగా అడుగు లోతున ఒకటి, రెండడుగుల లోతున మరొకటి పాతాలి. కింది ముల్లు ఎప్పుడూ సున్నా దగ్గరే ఉంటే నీరు వేళ్లను దాటి వృథాగా దిగిపోతున్నట్టే. అయితే ముల్లు 80 సెంటీబార్లు (నేల నీటిని లాగే బలానికి కొలత) దాటితే గొట్టంలోకి గాలి చేరి గేజి పనిచేయదు. కాబట్టి కాయ ఊరే దశలో ఇది చక్కగా పనికొస్తుంది గానీ, ఎండగట్టే దశలో చెట్టు ఎంత ఎద్దడిలో ఉందో చెప్పలేదు.

దానికి చెట్టునే కొలవాలి. ఆకును రేకు పూసిన సంచిలో గంటకు పైగా మూసి ఉంచి, మధ్యాహ్నం కోసి, కాడ బయటికి ఉండేలా గాలి ఒత్తిడి పెంచే చిన్న పాత్రలో (ప్రెషర్ చాంబర్) పెట్టి, కాడ చివర నీటి చుక్క ఏ ఒత్తిడి వద్ద కనిపిస్తుందో చూడటం పరిశోధకులు నమ్మే పద్ధతి. మామిడిలో ఆ చుక్క కంటే ముందే సొన కారి చూపును మోసం చేస్తుంది. అందుకే రైతుకు ఆకు వేడిని కొలిచే పరారుణ థర్మామీటరే దగ్గరి దారి అని నా అభిప్రాయం. నీరు చాలనప్పుడు ఆకు రంధ్రాలు మూసుకుంటాయి, ఆకు వేడెక్కుతుంది. మబ్బులేని మధ్యాహ్నం ఎండ తగిలే ఆకులను చూసి, బాగా నీళ్లు పెట్టిన ఒక చెట్టుతో పోల్చుకోవాలి. గాలి, మబ్బు ఉన్న రోజు ఆ అంకెను నమ్మరాదు.

ఎంత పెట్టాలన్నది తర్వాతి లెక్క. చదరపు మీటరుకు ఒక మిల్లీమీటరు అంటే లీటరు నీరు. నాలుగు మీటర్ల వెడల్పు నీడ పడే చెట్టు రోజుకు 5 మిల్లీమీటర్లు వాడితే సుమారు 63 లీటర్లు కావాలి.

ఈ పరికరాలను రైతు ఒక్కడే కొనాలనడం న్యాయం కాదు. డ్రిప్పు రాయితీలోనే రెండు టెన్షియోమీటర్లను చేర్చాలి, థర్మామీటరును ఊరి రైతులంతా కలిసి వాడుకునేలా చూడాలి. పొలాస (జగిత్యాల), వరంగల్ వ్యవసాయ పరిశోధన స్థానాలు చలకకు, రేగడికి వేర్వేరుగా, పూతకు ముందు, పిందె తర్వాత ఏ అంకె దగ్గర నీళ్లు పెట్టాలో ఇక్కడి తోటల్లోనే తేల్చి తెలుగులో పట్టికగా ఇవ్వాలి.