మూడో అధ్యాయం గారికి, గ్రౌండు గోడ ఇవతలి నుంచి

గౌరవనీయులైన ‘ప్రస్తుత పర్యావరణ పరిస్థితులు’ గారికి,

నమస్కారం. స్కూలు గ్రౌండు ప్రహరీకి ఆనుకుని ఉన్న ఇంట్లోంచి రాస్తున్నాను. మీకు నేను కొత్త కాదు. ఈ గ్రౌండులో కట్టబోయే స్టేడియం కోసం తయారైన పర్యావరణ రిపోర్టులో మూడో అధ్యాయం మీరైతే, మీలోని శబ్దం పట్టికలో ‘సున్నిత గ్రాహకం–7’ నేను. చప్పుడు, వెలుగు పెరిగితే ఇబ్బందిపడే చోటుకి మీరు పెట్టే పేరట అది. మా ఇంట్లో నన్ను రకరకాలుగా పిలుస్తారు గానీ సున్నితం అన్నవాళ్లు ఇంతవరకూ లేరు. అందుకు ముందుగా కృతజ్ఞతలు.

రిపోర్టు బయటికొచ్చిన రోజు మా వీధివాళ్లంతా నాలుగో అధ్యాయం మీద పడ్డారు. ‘ప్రభావాలు’ అంటే అదే కదా. ఎంత మోత, ఎంత వెలుగు, ఎన్ని కార్లు, అన్నీ అక్కడే ఉంటాయి. నేనూ మొదట అక్కడే తెరిచాను. ప్రతి పేరా చివరా ‘చెప్పుకోదగ్గ ప్రభావం లేదు’ అని ఉంది. ఇంత పెద్ద స్టేడియం వస్తుంటే ఏమీ లేకపోవడమేంటని పేజీలు వెనక్కి తిప్పుకుంటూ వచ్చి మీ దగ్గర ఆగాను. అప్పుడు తెలిసింది. నాలుగో అధ్యాయానికి పాపం తీసివేత తప్ప ఇంకేమీ రాదు. రేపు ఉండబోయేదాంట్లోంచి ఇవాళ ఉన్నది తీసేసి మిగిలింది చూపిస్తుంది. ఇవాళ ఏముందో చెప్పేది మాత్రం మీరు. ఆ అంకె మీ చేతిలో ఉన్నాక తీసివేత ఎవరు చేస్తే ఏంటి?

మీ పుట్టుక మంచిదే, కాదనను. 1970 జనవరి 1న అమెరికాలో జాతీయ పర్యావరణ విధాన చట్టం మీద అధ్యక్షుడు నిక్సన్ సంతకం పెట్టాడు. పెద్ద పని తలపెట్టినప్పుడు దాని పర్యవసానం ముందే కాగితం మీద పెట్టాలన్న పద్ధతి అక్కణ్నుంచి ఊపందుకుని దేశదేశాలకీ పాకింది. కట్టబోయే ముందు అక్కడ ఏముందో కళ్లారా చూసి రాయడం మీ ఉద్యోగం. ఆ ‘కళ్లారా’ దగ్గరే నాకు మీతో పేచీ.

మీ తరఫున చూసి రాయాల్సిన మనిషి ఒక మంగళవారం ఉదయం పదిన్నరకు వచ్చాడు. స్కూలుకి సెలవులు. మూడుకాళ్ల స్టాండు మీద సౌండ్ మీటరు నిలబెట్టి, మైకుకి గాలి తగలకుండా నల్ల స్పాంజి బంతి తొడిగి, నీడలోకి జరిగాడు. పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాల్లో పక్కింటి కుక్క రెండుసార్లు మొరిగింది. అది మొరిగింది ఆయన్ని చూసే. మీలో అది ఇలా ఎక్కింది: ‘ప్రస్తుత శబ్ద వనరులు: దూరపు వాహనాలు, పెంపుడు జంతువులు.’ మీరు కొలవడానికి రావడం వల్ల పుట్టిన చప్పుడు, మేం ఏళ్ల తరబడి అలవాటుపడ్డ చప్పుడైపోయింది. ఇప్పుడా కుక్క రికార్డుల్లో ఉంది. దానికి ఈ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఆయన మర్యాదస్తుడే. మంచినీళ్లిచ్చి అడిగాను.

“మ్యాచ్‌లు రాత్రి ఏడింటికి కదండీ, కొలత పొద్దున పదిన్నరకేంటి?”

“స్కోపులో అదే ఉందండీ, అంటే మాకు అప్పగించిన పని జాబితాలో.”

“రాత్రి ఒకసారి వచ్చి వెళ్లకూడదా?”

“స్కోపులో లేదండీ.”

స్కోపు ఎవరు రాశారని అడగలేదు. గ్రాహకాలు అలాంటివి అడగొచ్చో లేదో తెలియలేదు.

అన్నట్టు, మీ పట్టికలో గ్రాహకం–1 ఆ స్కూలే. అందరికన్నా సున్నితమైనది అదేనట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం తరగతి గదిలో పాఠం వినబడాలంటే నేపథ్య శబ్దం 35 డెసిబెల్లు దాటకూడదు, పడకగదిలో రాత్రిపూట 30. స్కూలుకి ఏ ముప్పూ లేదని తేల్చేశారు మీ నాలుగో అధ్యాయం వారు. ఎందుకుంటుంది, రాత్రి ఏడింటికి అందులో ఎవరూ ఉండరు. పడకగదిలో ఉండేవాళ్లం మేం.

చప్పుడు విషయంలో మీ వాళ్ల అసలు ప్రతిభ సగటులో ఉంది. డెసిబెల్ మామూలు అంకె కాదు. 10 పెరిగితే శబ్దశక్తి పది రెట్లయినట్టు, చెవికి మాత్రం సుమారు రెట్టింపు అనిపిస్తుంది. 3 పెరిగితే శక్తి రెట్టింపవుతుంది గానీ చెవికి ‘ఏదో తేడాగా ఉందే’ అన్నంతే. ఈ రెండో ముక్క ఎంత అక్కరకొస్తుందో ఒక రాత్రి కూర్చుని లెక్క వేశాను. మా పెరట్లో ఏడాది పొడవునా 45 డెసిబెల్లు అనుకుందాం. స్టేడియం వచ్చాక ఏడాదికి పది రాత్రులు, రాత్రికి మూడు గంటలు, 70 డెసిబెల్లు. విజిళ్లు, డ్రమ్ములు, మైకులో కామెంటరీ, గోల్ పడితే గ్యాలరీ మొత్తం లేచి అరవడం. దీన్నంతా ఏడాదికి పరిచి సగటు కడితే ఎంతొస్తుందో తెలుసా? సుమారు 48. పెరిగింది మూడంటే మూడు. లెక్క తప్పని అనడానికి లేదు, వేసింది నేనే. ఆ రాత్రి కిటికీ అద్దాలు అదురుతుంటే, మందు వేసుకుని పడుకున్న మా అమ్మ దగ్గరికెళ్లి ‘అమ్మా, ఇది ఏడాది సగటున వినబడదు’ అని నచ్చజెప్పాలి. ఆవిడ సగటున ఏడాదంతా బాగానే నిద్రపోతుంది.

రోజు లెక్కలో ఇంకో ఏర్పాటు ఉంది. రాత్రి చప్పుడుకి 10 డెసిబెల్లు అదనంగా కలిపి చూస్తారు, నిద్రవేళ కదా అని. ఎంత మంచి మనసు అనుకున్నాను. ఆ రాత్రి పది గంటలకు మొదలవుతుందట. ప్రాజెక్టు వివరణలో మ్యాచ్ ముగిసే సమయం 9:55. ఆ ఐదు నిమిషాలు వదిలినవాళ్లెవరో గానీ చేతులెత్తి మొక్కాలి. తర్వాత జనం బయటికి రావడం, కారు తలుపులు దబదబా వేయడం, గెలిచినవాళ్ల హారన్లు, ఇవేవీ మ్యాచ్ కిందికి రావు. దేని కిందికి వస్తాయో చివరి పేజీ దాకా వెతికాను.

చీకటి సంగతికొస్తాను. నాకు మీ మీద నిజంగా కోపం వచ్చింది ఇక్కడే. ‘ప్రస్తుత కాంతి వనరులు’ అని ఒక పట్టిక పెట్టారు. వీధి దీపాలు 4, స్కూలు గేటు దగ్గర లైటు 1, ఇళ్ల వరండా దీపాలు, వాహనాల హెడ్‌లైట్లు. మా వరండా బల్బు కూడా లెక్కలోకి వచ్చినందుకు సంతోషమే. కానీ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా రాత్రంతా పరుచుకుని పడుకునే చీకటి ఏ గడిలోనూ లేదు. మీరు ఉన్నవే రాస్తారు మరి. మీ దృష్టిలో చీకటంటే లైటు లేకపోవడం. నిశ్శబ్దమంటే చప్పుడు లేకపోవడం. ఖాళీ గ్రౌండంటే ఇంకా ఏమీ కట్టకపోవడం. వాటికి గడి లేదు కాబట్టి, రేపవి పోయినా పోయినట్టు రాసుకునే చోటు కూడా ఉండదు.

కొలతకు అందనివా అంటే అదీ కాదు. నేల మీద పడే వెలుగుని లక్స్‌లలో కొలుస్తారు. పున్నమి వెన్నెల నేల మీద పడేది మహా అయితే 0.3 లక్స్. చంద్రుడు లేని రాత్రి చుక్కల వెలుగు దాదాపు 0.001. మామూలు ఫుట్‌బాల్ పోటీకి యూరప్ ప్రమాణాల ప్రకారం మైదానం మీద 200 లక్స్ కావాలి. అంటే ఆరేడు వందల పున్నములు ఒక్కసారిగా దిగుతాయి. గోడ దాటి మా వైపు వచ్చేది అందులో కొంతే, ఒప్పుకుంటాను. పెట్టబోయే నాలుగు లైటు స్తంభాల గురించి కూడా చదివాను. పొట్టి స్తంభమైతే వెలుగు ఏటవాలుగా వచ్చి కళ్లలో పొడుస్తుంది. 80, 90 అడుగులుంటే పైనుంచి నిటారుగా దించి గ్రౌండులోనే ఆపొచ్చు. కాబట్టి స్తంభాలు ఎంత పొడుగైతే మాకంత మేలు. పగలంతా ఆ నాలుగు మేళ్లూ మా కిటికీ నిండా కనబడతాయి.

‘జీవ వైవిధ్యం’ సర్వే ఒకే ఒక్క ఉదయం జరిగింది. కాకులు, పావురాలు, ఉడత ఒకటి. ‘ప్రత్యేక ప్రాధాన్యం గల జాతులేవీ కనబడలేదు.’ పదకొండింటికి గబ్బిలం కనబడుతుందా? గుడ్లగూబ వచ్చి హాజరు వేయించుకుంటుందా? వాన పడ్డ రాత్రి ఆ మూల గుంటలో కప్పలు చేసే గోల అంతా ఇంతా కాదు. అవి ఎండాకాలం సర్వేకి రావు. నిజం చెప్పాలంటే, స్టేడియం మాట వచ్చేదాకా వాటిని నేనూ తిట్టుకున్నవాణ్నే, నిద్ర పట్టనివ్వవని. ఇప్పుడు వాటి తరఫున వినతిపత్రం మీద సంతకం పెట్టాను. మీరూ వాటిని అడగలేదు, నేనూ అడగలేదు.

నేల గురించి మీరు రాసింది ఒకే వాక్యం: ‘గడ్డి, మట్టి, అక్కడక్కడా బురద.’ బురద అన్న మాట రాసిన తీరు చూస్తే గ్రౌండు ఏదో తప్పు చేసినట్టుంది. వాన నీళ్లు ఇంకుతున్నాయనడానికి అది సాక్ష్యం కదండీ. దాని మీద సింథటిక్ టర్ఫ్, అంటే ప్లాస్టిక్ గడ్డి, పరుస్తారు. మండుటెండలో అది 60 డిగ్రీలు దాటి కాలుతుంది. మీ ఉష్ణోగ్రత కాలమ్‌లో గాలి ఉంది, నేల లేదు.

ట్రాఫిక్ లెక్క మాత్రం పద్ధతి ప్రకారం చేశారు. ఉదయం 7 నుంచి 9, సాయంత్రం 4 నుంచి 6. ఆఫీసుల రద్దీ వేళలవి. మ్యాచ్ ఏడింటికి అని చెప్పానా? సరే. రోడ్లకి కూడా ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్లుంటాయని మీ వల్లే తెలిసింది. 1965 నాటి అమెరికన్ హైవే మాన్యువల్ నుంచి వచ్చిన అలవాటట. మా మలుపుకి ఎఫ్ వచ్చింది. స్టేడియం వచ్చాక? ఎఫ్. ఇప్పటికే ఫెయిలైన రోడ్డుని ఇంకెవరూ ఫెయిల్ చేయలేరు.

మీలో నాకు బాగా నచ్చిన వాక్యం ఒకటుంది: ‘గ్రౌండులో ఏడాది పొడవునా క్రీడా కార్యక్రమాలకు ఇప్పటికే అనుమతి ఉన్నది.’ అనుమతి ఉన్నమాట నిజం. చెప్పుకోదగ్గ కార్యక్రమాలే లేవు. ఉన్న పరిస్థితి అంటూ కాగితం మీది అనుమతిని చూపిస్తే కుదరదని, నిజంగా జరుగుతున్నదే రాయాలని 2010లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఒక చమురు శుద్ధి కర్మాగారం కేసులో చెప్పింది. 2013లో అదే రాష్ట్రంలో, శాన్ డియాగోలోని ఒక హైస్కూలు మైదానానికి ఫ్లడ్‌లైట్లు పెట్టే విషయంలో, ట్రాఫిక్, పార్కింగ్ సంగతి పూర్తి రిపోర్టులో తేల్చాల్సిందేనని అప్పీలు కోర్టు అంది. మిమ్మల్ని కోర్టుకి లాగే ఓపిక నాకు లేదు. మీలాంటివాళ్ల మీద ముందే ఓ కన్ను పడిందని మీ చెవిన వేస్తున్నానంతే.

మా వాళ్లేం తక్కువ తినలేదు. ప్రజాభిప్రాయ సేకరణ రోజున ‘మా వీధి ఎప్పుడూ ఖాళీగా ఉండేది’ అని ఊగిపోయిన పెద్దమనిషి కార్లు మూడూ వీధిలోనే ఉంటాయి. ఇంకొకాయన ఆ గ్రౌండులో రోజూ నడుస్తానన్నాడు. బయటివాళ్లు వెళ్లే గేటుకి తాళం పడి రెండేళ్లయింది. మీ ‘ప్రస్తుతం’ ఒక మంగళవారం పదిన్నర. మా ‘ప్రస్తుతం’ ఇరవయ్యేళ్ల కిందటి సాయంత్రం. ఇవాళ నిజంగా అక్కడేముందో చూడ్డానికి ఇరుపక్షాలకీ తీరిక చిక్కలేదు.

ఇక్కడొక విషయం దాచాను. మా అమ్మాయి ఆ స్కూల్లోనే చదువుతోంది, టీములో గోల్‌కీపరు. సాయంత్రం ఆరయ్యేసరికి బంతి కనబడక ప్రాక్టీసు ఆపేస్తారు. మొన్న ఈ ఉత్తరం చిత్తుప్రతి చదివి నవ్వింది. “నాన్నా, నువ్వు గ్రాహకం, నేను లబ్ధిదారు. ఒకే ఇంట్లో ఎలా ఉంటాం?” అంది. ఆ ప్రశ్నకి నాలుగో అధ్యాయంలో జవాబు లేదు. మీలోనూ లేదు.

అభిప్రాయాలకు గడువు రేపటితో అయిపోతుంది. ఈ ఉత్తరం మీద ఒక నంబరు వేసి అనుబంధంలో పెడతారని, పక్కన ‘అభిప్రాయం నమోదు చేసుకున్నాం’ అని ఒక్క ముక్క రాస్తారని తెలుసు. స్కాన్ చేసేటప్పుడు పేజీ తలకిందులు కాకుండా చూడండి, పోయినసారి పక్కింటాయనది అలాగే అచ్చయింది. అలాగే మీ పట్టికలో అడుగున ఒక వరుస కలపండి. స్కోపులో లేదు కాబట్టి కొలత నేనే తీసి పంపుతున్నాను.

స్థలం: గ్రాహకం–7, మేడ మీద. సమయం: రాత్రి 9:20. పరికరం: నేను. కాంతి వనరులు: గేటు దగ్గర లైటు, అదీ కొట్టుకుంటోంది. శబ్ద వనరులు: కప్పలు. గ్రౌండులో, ఏమీ కనబడని చోట, ఎవరో బంతిని గోడకేసి కొడుతున్నారు. గేటు తాళం వేసే ఉంది. మా అమ్మాయి గదిలో లేదు. కుక్క: మొరగడం లేదు.

ఇట్లు,
సున్నిత గ్రాహకం–7