చివరి పేజీలో కాపురముండే ఈసీఆర్ ముద్ర గారికి

మహారాజశ్రీ ఈసీఆర్ ముద్ర గారి సముఖానికి, జగిత్యాల జిల్లాలో ఒక మండల కేంద్రం నుంచి జిరాక్స్ సెంటర్ నడుపుకునే మనిషి నమస్కరించి రాసుకున్న విన్నపం.

మీరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు. నేను మాత్రం మిమ్మల్ని రోజూ చూస్తాను. భారత పాస్‌పోర్టు చివరి పేజీలో, తల్లిదండ్రుల పేర్లూ ఇంటి చిరునామా ఉండేచోట, ఆధార్ ఫోటోలాగా నవ్వకుండా నిలబడి ఉంటారు. "అన్నా, ముందలి పేజీ, ఎనక పేజీ, రెండు రెండు తియ్యి" అని ఎవరైనా అడిగితే మిమ్మల్ని గాజుపలక మీద బోర్లా పడుకోబెట్టేది నేనే. పన్నెండేళ్లలో నా మిషన్ రెండుసార్లు మారింది. మీరు అలాగే ఉన్నారు.

మీ పూర్తి పేరు ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్ అని మా దగ్గర ఎవరికీ పట్టదు. "నీది ఈసీఆరా, నాన్ ఈసీఆరా?" అంటారు. సంబంధం చూసేటప్పుడు "పిలగానికి భూమెంత?" అన్నట్టే ఉంటుంది ఆ అడగడం. 1983 నాటి వలసల చట్టం మిమ్మల్ని మా రక్షణ కోసమే పుట్టించిందట. పదో తరగతి పాస్ కానివాడు గల్ఫ్ దేశాలతో కలిపి పద్దెనిమిది దేశాలకు పనికి పోవాలంటే ముందు సర్కారు అనుమతి తీసుకోవాలి. అనుమతి ఇచ్చే అధికారి హోదా పేరు ప్రొటెక్టర్. అమెరికా, ఇంగ్లండు ఆ పద్దెనిమిదిలో లేవు. పది తప్పినవాడు అటువైపు పోడని మీకు గట్టి ధీమా ఉన్నట్టుంది. ఆ ధీమా తప్పని నేను అనలేను.

మీ మినహాయింపుల జాబితా దుకాణంలో ఖాళీగా కూర్చున్నప్పుడు చదువుతుంటాను. పది పాసైతే మీరు అంటరు. ఆదాయపు పన్ను కడితే అంటరు, కట్టేవాడి భార్యకు కూడా అంటరు. గెజిటెడ్ అధికారికి అంటరు. వయసు యాభై దాటినా, విదేశంలో మూడేళ్లు దాటినా మీరు చెరిగిపోతారు. అంటే మూడేళ్లు ఎండలో ఇనుపచువ్వలు మోస్తే పదో తరగతి పాసైనట్టే లెక్క. మా హెడ్మాస్టరుకు ఈ సంగతి ముందే తెలిస్తే మమ్మల్ని బడికి బదులు నేరుగా షార్జాకు పంపేవాడు.

2008 మార్చిలో మేం పదో తరగతి లెక్కల పరీక్ష రాశాం. నా ముందు బెంచీలో ఇద్దరు దోస్తులు. పేర్లు ఎందుకుగానీ, మార్కులతోనే పిలుస్తాను. ఇద్దరి దగ్గరా ఒకే మైక్రో జిరాక్స్ చిట్టీ, సగం గంట ఈయన, సగం గంట ఆయన అని ఒప్పందం. మొదటాయన వంతు అయిపోయి రెండో ఆయన చేతికి రాగానే స్క్వాడ్ వచ్చింది, చిట్టీ నోట్లోకి పోయింది. మొదటాయనకు 35 వచ్చాయి. రెండో ఆయనకు 31. నాకు 41 వచ్చాయి, అందుకే మీరు నాకు దక్కలేదు, నేనెక్కడికీ పోనూలేదు.

ఇంతవరకూ చదివితే తప్పంతా ఆ చిట్టీదే అనిపిస్తుంది. చాలా ఏళ్లు నేనూ అలాగే అనుకున్నాను. అయితే 35 వాళ్ల నాన్నకు కాలువ కింద నాలుగెకరాలు ఉంది. అది నేను లెక్కలోకి తీసుకోలేదు. లెక్కల్లో 35 వచ్చినవాడు ఇంజనీరింగ్ ఎట్లా చదువుతాడని అడక్కండి, మేనేజ్‌మెంట్ సీటు అనేది ఒకటుంటుంది. 2014లో ఎంఎస్‌కు టెక్సాస్ పోయేటప్పుడు బ్యాంకు ఆయనకు ఇరవై లక్షలు అప్పిచ్చింది. పదకొండు శాతం వడ్డీ. తాకట్టుకు పట్టాదారు పాసుబుక్కు ఉంది. దాన్ని నాలుగు కాపీలు తీసింది నేనే.

31కి పాసుబుక్కు లేదు. 2017 జులైలో దుబాయ్ పోవడానికి ఊళ్లోనే మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు, పట్నంవాళ్ల కోసం చెబుతున్నాను: నూటికి నెలకు మూడంటే ఏడాదికి ముప్పై ఆరు. టెక్సాస్‌కు పదకొండు, దుబాయ్‌కి ముప్పై ఆరు. దూరం పెరిగినకొద్దీ చార్జీ తగ్గే బస్సు నేను ఇదొక్కటే చూశాను. ఇక పాలమూరు నుంచి గుంపు మేస్త్రి వెంట ముంబై బస్సెక్కేవాళ్లకు ఈ వడ్డీ లెక్క కూడా ఉండదు. వాళ్లు మేస్త్రి దగ్గర ముందే తీసుకున్న అడ్వాన్సుకు మనిషే తాకట్టు. వాళ్లకు పాస్‌పోర్టు అక్కర్లేదు, మీ దర్శనభాగ్యమూ లేదు.

ఈసీఆర్ గారూ, అందుకే మిమ్మల్ని తిట్టడానికి ఒక్కోసారి మనసొప్పదు. ఆ నాలుగెకరాల తేడా మీరు పుట్టకముందు నుంచీ ఉంది. మీరు దాన్ని ఇంగ్లీషులోకి తర్జుమా చేసి చివరి పేజీలో రాశారు, అంతే.

2018 జనవరి మీకు గుర్తుండాలి. చివరి పేజీ ఎత్తేస్తాం, ఈసీఆర్ వాళ్లకు నారింజ రంగు అట్టతో వేరే పాస్‌పోర్టు ఇస్తాం అని ఢిల్లీ ప్రకటించింది. మీ హోదా ఒక్కరోజులో వెనక పేజీ నుంచి అట్ట మీదికి రావాల్సింది. క్యూలో నిలబడ్డవాణ్ణి పది గజాల దూరం నుంచే గుర్తుపట్టొచ్చు, పుస్తకం తెరిచే శ్రమ తప్పుతుంది. దేశమంతా గోల చేయడంతో నెల తిరక్కుండానే వెనక్కి తీసుకున్నారు. మీరెంత నొచ్చుకున్నారో! ఆ వార్త కటింగ్ వాట్సాప్‌లో పెడితే దుబాయ్ లేబర్ క్యాంపు నుంచి 31 రాసిన జవాబు: "మా కంపెనీ డ్రెస్ గూడ నారింజే, మ్యాచింగ్ అయితుండె."

2020 మే నెలలో ఆయన వందే భారత్ విమానంలో తిరిగొచ్చాడు. కరోనాకు కంపెనీ మూతపడింది, రెండు నెలల జీతం అక్కడే ఉండిపోయింది. వేళ్లు మడిచి లెక్కేశాను, రెండేళ్ల పది నెలలు. మీరు చెరిగిపోవడానికి రెండు నెలలు తక్కువ. అప్పుడు నాలుగు మార్కులు, ఇప్పుడు రెండు నెలలు. ఈ మనిషికి గీత ఎప్పుడూ చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంటుంది.

ఆయన ఇంటి దగ్గర కూర్చున్న ఆ సెప్టెంబర్‌లోనే మీ శాఖవారు ఇంకో ఉపకారం చేశారు. గల్ఫ్‌కు పోయే మనవాళ్లకు ఇంతకన్నా తక్కువ జీతం ఇవ్వొద్దు అని మన ప్రభుత్వమే గీసిపెట్టిన కనీస మొత్తాలు ఉంటాయి కదా, వాటిని 30 నుంచి 50 శాతం దాకా తగ్గించారు. ఎక్కువ అడిగితే ఉద్యోగాలు పక్కదేశాల వాళ్లు తన్నుకుపోతారట. తెలంగాణ హైకోర్టులో కేసు పడ్డాక, మరుసటి ఏడాది ఆ సర్క్యులర్లు ఉపసంహరించుకున్నారు. ఆలోపు తగ్గిన జీతాలకు సంతకాలు పెట్టినవాళ్ల కాగితాలు ఉపసంహరణకు అందవు. మా రక్షణ కోసం పుట్టిన మీ శాఖ ఎంత బలమైందో నాకు ఆ ఏడాదే అర్థమైంది.

2022లో 31 మళ్లీ బయల్దేరాడు, ఈసారి సౌదీ. చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న ఏజెంటు 30,000 రూపాయలకు మించి తీసుకోకూడదు, జీఎస్టీ అదనం. ఏజెంటు చాలా నిక్కచ్చి మనిషి. 30,000కి రసీదు ఇచ్చాడు, 5,400 జీఎస్టీ కూడా వేశాడు. తక్కిన ఎనభై నాలుగు వేల ఆరువందలకు రసీదు లేదు. లేని కాగితాన్ని కాపీ తీసే మిషన్ ఇంకా రాలేదు. మొత్తం లక్షా ఇరవై వేలు, మళ్లీ మూడు రూపాయల వడ్డీ. నెలకు వడ్డీయే మూడువేల ఆరువందలు. జీతం వెయ్యి రియాళ్లు, అంటే అప్పటి లెక్కన ఇరవై వేలు. తిండి పోను, ఫోను పోను, వడ్డీ పోను, మిగిలింది ఇంటికి. ఇంట్లో ఆయన భార్య బీడీలు చుడుతుంది. తునికాకు కత్తిరిస్తూనే ఫోను మాట్లాడుతుంది. ఏ కూలీతో ఇల్లు గడుస్తుందో, ఏ కూలీతో అప్పు తీరుతుందో ఆమెకు బాగా తెలుసు. ఊరు మాత్రం ఆమెను "దుబాయాయన పెండ్లాం" అనే పిలుస్తుంది, ఆయన సౌదీకి మారినా.

రాయచోటి, రాజంపేట, కోనసీమ ఆడవాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కువైట్‌లో ఇంటిపనికి పోవాలంటే మీ రూలు ప్రకారం ముప్పై ఏళ్లు నిండాలి. ఇంట్లో అప్పు మాత్రం ముప్పై నిండేదాకా ఆగదు. దాంతో విజిట్ వీసా మీద పోతారు. విజిట్ వీసాకు మీ అనుమతి అక్కర్లేదు. అక్కడ దిగాక రికార్డులో ఆమె పనిమనిషి కాదు, చుట్టపుచూపుగా వచ్చిన అతిథి. జీతం ఎగ్గొట్టినా, పాస్‌పోర్టు లాక్కున్నా, అతిథికి కార్మిక చట్టం ఏముంటుంది? మీ తలుపు ఎంత గట్టిగా మూస్తే పక్క కిటికీ దగ్గర కూర్చున్న ఏజెంటు గిరాకీ అంత పెరుగుతుంది. మీకూ అతనికీ చుట్టరికం ఉందని మా ఊళ్లో కొందరి అనుమానం. నేను నమ్మను. వ్యాపార భాగస్వాములకు చుట్టరికం అక్కర్లేదు.

2024లో 31 సెలవు మీద వచ్చాడు. మొత్తం మూడేళ్లు ఎప్పుడో దాటిపోయాయి. నేనే కూర్చుని ఫారం నింపాను. కొత్త పాస్‌పోర్టు వచ్చిన రోజు దుకాణానికి వచ్చి చివరి పేజీ తెరిచి చూపించాడు. మీరు లేరు. పావుకిలో మిక్చర్ తెప్పించాడు. పదహారేళ్లు పట్టింది ఆ నాలుగు మార్కులకు. తర్వాతి నెలలో అదే కంపెనీకి, అదే గదికి, అదే జీతానికి పోయాడు. పోతూ పోతూ ఒక సంగతి అడిగాడు. ఈసీఆర్ క్లియరెన్సుతో పోయేవాళ్లకు తప్పనిసరిగా చేసే ప్రవాసీ భారతీయ బీమా, ప్రమాదంలో పోతే 10 లక్షలు వచ్చేది, ఇప్పుడు నాకు ఉందా లేదా అని. చెయ్యకపోతే లేదన్నాను. ఉన్నప్పుడు మాత్రం ఏం, నిద్రలో గుండె ఆగితే అది ప్రమాదం కిందికి రాదు కదా అన్నాడు. వాళ్ల క్యాంపులో ఆ మధ్య అలా పోయినవాడి కాగితాలు కూడా నా మిషన్ మీదే కాపీ అయ్యాయి. దాని గురించి వెటకారం రాయడం నాకు చేతకాదు, క్షమించండి.

ఆయన సౌదీ పోయింది ఊరి చివర ఐదు గుంటల జాగా కొనాలని. 2017లో గుంట అరవై వేలు. 2020లో లక్ష. మొన్న సెలవులో రెండు లక్షలు చెప్పారు. పెంచిందెవరో ఊరందరికీ తెలుసు, 35 వాళ్ల నాన్న అదే వరుసలో ముప్పై గుంటలు కొన్నాడు. 35 చెడ్డవాడు కాదు. ఫోన్ చేస్తే ఇప్పటికీ "ఏం రా" అంటాడు, బడికి రెండు ఫ్యాన్లు ఇచ్చాడు, బోర్డు మీద పేరు వేయించుకున్నాడు. ఆయన నాన్న బేరమాడకుండా కొన్నాడు, అంతకుమించి పాపం చెయ్యలేదు. డాలరు బేరమాడని చోట రియాల్ నోరు లేవదు. వలస వల్ల ఊరు బాగుపడిందని పేపర్లో చదివినప్పుడల్లా నేను ఆ జాగా వైపే చూస్తాను. ఊరు నిజంగానే బాగుపడింది. స్లాబు ఇళ్లు లేచాయి, నా దుకాణం నడుస్తోంది. ఇద్దరూ పంపారు, ఇద్దరి ఇళ్లూ ఎదిగాయి, ఇద్దరి మధ్య దూరం మాత్రం అంతకన్నా వేగంగా ఎదిగింది.

రిజర్వ్ బ్యాంకు సర్వే కూడా ఆ మాటే చెప్పింది, ఇంకొంచెం మర్యాదగా. బయట ఉన్నవాళ్లు దేశానికి పంపే సొమ్ములో 2016-17లో దుబాయ్, షార్జాలున్న యూఏఈది మొదటి స్థానం, 26.9 శాతం. 2023-24కి అది 19.2కి దిగింది, అమెరికా 27.7తో పైకెక్కింది. మనవాళ్లు ఎక్కువమంది ఉన్నది గల్ఫ్‌లో, కానీ ఒక్కో దేశాన్ని విడిగా లెక్కేస్తే ఎక్కువ డబ్బు వస్తున్నది అమెరికా నుంచి. మన దేశపు చెమటకూ జీతానికీ మధ్య సముద్రం ఉందని అప్పుడు తెలిసింది.

ఇక మా పొలాల్లో నాట్లు ఎవరేస్తున్నారో తెలుసా? బీహార్, యూపీ నుంచి వచ్చిన ముఠాలు. 31 అక్కడ ఎవరి గోడో కడుతుంటే, ఆయన అన్న కౌలు మడిలో బీహార్ కుర్రాడు నాటు వేస్తున్నాడు. వాడికి ఏ ముద్రా లేదు, జనరల్ బోగీ టికెట్ ఒక్కటే. వాడి ఊళ్లో నాట్లకు ఎవరు వస్తారని అడిగితే నవ్వాడు. ఆ వరుస అక్కడితో ఆగిపోతుందేమో.

ఈమధ్య ఒక చిత్రం జరిగింది. 2025 సెప్టెంబర్‌లో అమెరికా అధ్యక్షుడు అక్కడ ఉద్యోగం చేయడానికిచ్చే హెచ్1బీ వీసా కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్లు కట్టాలన్నాడు. 35 వాళ్ల మేనల్లుడు వీసా కోసం చూస్తున్నాడు. వాళ్లింట్లో రెండు రోజులు టీవీ ఆపలేదు, పొయ్యి వెలిగించలేదు. అన్నీ పాసైనవాళ్లకు, పాసుబుక్కు ఉన్నవాళ్లకు కూడా ముద్ర పడొచ్చని మా ఊరికి మొదటిసారి తెలిసింది. 35 వాళ్లమ్మ నా దుకాణానికి వచ్చి ఆ వార్త ప్రింట్ తీయించుకుంటుంటే, బీడీల కార్డు జిరాక్స్ కోసం వచ్చిన 31 భార్య పక్కనే నిలబడి అంతా విన్నది. జాలిపడింది, నిజంగానే. "అయ్యో, అమెరికా ఏజెంటు గూడ రేటు పెంచిండా పెద్దమ్మా? రసీదన్న ఇస్తడా?" అని అడిగింది.

మీ క్షేమం కోరుతూ,
మిమ్మల్ని రోజూ బోర్లా పడుకోబెట్టే
జిరాక్స్ సెంటర్ వాడు

తా.క.: 31 కొడుకు ఇప్పుడు ఆరో తరగతి, లెక్కలంటే భయమట. నా దుకాణం ముందు "మైక్రో జిరాక్స్ తీయబడదు" అని పెద్ద బోర్డు ఉంది. ఇంకో నాలుగేళ్లకు, మార్చి నెలలో, ఆ బోర్డుకు రంగు వేయించడానికి ఒక వారం దించుతాను.